ఏడు నుంచి పది దాకా టీవీలో ఏది చూడొచ్చు, ఏది వదిలేయొచ్చు?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

అందరికీ నమస్కారం. సాయంత్రం ఏడయ్యేసరికి ఇంట్లో రిమోట్ దగ్గర పేచీ మొదలవుతోంది. అమ్మకి డెబ్భై దాటాయి, స్టార్ మా సీరియళ్ళు వరసగా కావాలి. ఇంటర్ చదివే పాపకి బిగ్ బాస్, పాటల పోటీలు కావాలి. టీవీ ఒక్కటే.

తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. గుండెనిండా గుడిగంటలు, ఇల్లు ఇల్లాలు పిల్లలు, కార్తీకదీపం రెండోది, వీటిలో రోజూ చూడాల్సింది ఏది, వారానికోసారి చూసినా కథ అందేది ఏది? ఇంకో సంగతి, సీరియల్లో మాటలు అమ్మకి వినబడడం లేదు. సౌండు పెంచితే సంగీతం ఇల్లు అదరగొడుతోంది, మాట మాత్రం తేలడం లేదు. టీవీది లోపమా, సీరియల్‌దా? చివరిగా, మన శ్రీకాకుళం, విజయనగరం యాస అని టీవీలో మాట్లాడిస్తారు కదా, వింటుంటే మనది అనిపించదు. తప్పు ఎక్కడుందో యాస బాగా తెలిసినవాళ్ళెవరైనా చెప్పగలరా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

సీరియళ్ళ సంగతి నేను చెప్తాను. ముందు టైము లెక్క చూసుకోండి, సగం పేచీ అక్కడే తీరుతుంది.

గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నియమం. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలు, 2 నిమిషాలు చానల్ సొంత ప్రచారం. అంటే అరగంట సీరియల్‌కి 24 నిమిషాలు. టైటిల్ పాట, నిన్నటి కథ గుర్తుచేసే ముక్క, చివర రేపటి కథ చూపించే ముక్క తీసేస్తే కొత్త కథ 20 నిమిషాలు మిగిలితే గొప్ప. వారానికి ఆరు రోజులు కాబట్టి ఒక సీరియల్ ఇచ్చే కొత్త కథ రెండు గంటలు. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అయిదు సీరియళ్ళు చూస్తే వారానికి 15 గంటలు టీవీ ముందు కూర్చుంటాం, చేతికొచ్చేది 10 గంటల కథ. ఆ 10 గంటల్లో కూడా కథ కదిలేది కొద్దిసేపే.

ఎందుకు కదలదంటే, రేటింగు లెక్క అలాంటిది. బార్క్ సంస్థ ఎంచుకున్న ఇళ్ళలో మీటర్లు పెడుతుంది. ఎంతమంది చూశారన్నది ఒక్కటే కాదు, ఒక్కో నిమిషానికి సగటున ఎంతమంది ఉన్నారన్నది లెక్క. అయిదు నిమిషాలు చూసి లేచిపోయిన ఇల్లు ఆ అయిదు నిమిషాలకే పనికొస్తుంది. అందుకని ఇరవై నాలుగు నిమిషాలూ మనిషి లేవకుండా చూడడమే రచయిత పని అయిపోయింది. వాళ్ళ వారం శనివారం మొదలై శుక్రవారంతో ముగుస్తుంది. అంకెలు ఆ తరవాతి గురువారం బయటికొస్తాయి. అంకె తగ్గిందంటే, కొద్దిరోజుల్లో కథలోకి కొత్త పాత్రో, ప్రమాదమో, గతం మర్చిపోవడమో వచ్చి పడుతుంది. కథలో ఉన్నట్టుండి వచ్చే మలుపులు చాలావరకు ఇలా పుట్టినవే. అదే కథ నడక అనుకుని లోతుగా ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

గుండెనిండా గుడిగంటలు: మీరు అడిగిన మూడింటిలో ఇది బాగుంది. 2023 అక్టోబరులో మొదలైంది, తమిళంలో వచ్చిన సిరగడిక్క ఆశైకి తెలుగు రూపం. దీని బలం డబ్బు లెక్కలు. బాలు కారు నడుపుతాడు, మీనా పూలు కట్టి అమ్ముతుంది, అత్త ప్రభావతి కోడళ్ళని పుట్టింటి ఆస్తిని బట్టి చూస్తుంది. ఇంట్లో గది ఎవరికి, అప్పు ఎవరు తీర్చాలి, ఫంక్షన్‌కి గిఫ్ట్ ఎవరు ఎంతది తెచ్చారు, గొడవలన్నీ వీటి మీదే. నిజమైన ఇళ్ళలో గొడవలు కూడా ఇవే. అందుకే నటన మామూలుగా ఉన్న రోజు కూడా సీను నిలబడుతుంది. బలహీనత ఏమిటంటే ఇంకో కోడలు రోహిణి దాచిన నిజం. అది బయటపడబోయే ప్రతిసారీ ఫోను మోగుతుంది, లేకపోతే ఎవరో గుమ్మంలోకి వస్తారు. ఈ మెలిక మొదలైందంటే ఆ వారం వదిలేయొచ్చు, శనివారం చూస్తే చాలు.

ఇల్లు ఇల్లాలు పిల్లలు: 2024 నవంబరు నుంచి వస్తోంది, దీనికీ తమిళ మూలం ఉంది, పాండియన్ స్టోర్స్ రెండో భాగం. ప్రభాకర్ తండ్రి రామరాజుగా గొంతు పెంచకుండానే భయం పుట్టిస్తాడు. ఆమని వేదవతి పాత్రలో ఉండడం వల్ల అత్త అంటే విలన్ అన్న పాత అచ్చు ఇక్కడ లేదు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు కాబట్టి ఒక జంట కథ నీరసపడితే ఇంకో జంట కథ ముందుకొస్తుంది. ఈ కారణంగానే రోజూ చూడకపోయినా ఇబ్బంది లేదు. రెండు రోజులు తప్పిపోతే అదే జంట దగ్గర ఆగి ఉంటుంది.

కార్తీకదీపం: మొదటిది 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23 దాకా 1569 ఎపిసోడ్లు నడిచింది. 2024 మార్చి 25న మొదలైన రెండోది దాని కొనసాగింపు కాదు. కార్తీక్, దీప అన్న పేర్లూ, నిరుపమ్, ప్రేమి విశ్వనాథ్ జోడీ మాత్రం అవే. మొదటిదానిలో ఒకే ఒక్క ముడి, భార్య మీద డాక్టరు బాబు కార్తీక్ అనుమానం. అది బలంగా ఉండడం వల్ల తొలి ఏడాది, రెండేళ్ళు కథ బిగిగా నడిచింది, ఆ ముడిని విప్పకుండా లాగడం వల్లే తరవాత పాడైంది. రెండోదానిలో బిడ్డల మార్పిడి కథ. చూసేవాళ్ళకి నిజం తెలుసు, పాత్రలకి తెలియదు. ఇలాంటి కథకి ప్రాణం ఎవరికి ఎప్పుడు తెలుస్తుందన్నదే. నెలకి ఒక్కరికి తెలుస్తుంది, వాళ్ళు చెప్పరు. వారానికోసారి చూసినా ఏమీ పోదు.

బ్రహ్మముడి మీరు అడగలేదు కానీ అమ్మగారికి మధ్యాహ్నం ఖాళీ ఉంటే యాప్‌లో పాత ఎపిసోడ్లు పెట్టండి. మొదటి కార్తీకదీపం అయిపోయిన మర్నాడే, 2023 జనవరి 24న, మొదలైంది. బొమ్మలకి రంగులు వేసే కావ్యకి చేతిలో ఒక విద్య ఉంది, ఆ విద్య కథకి పనికొస్తుంది. మన సీరియళ్ళలో హీరోయిన్‌కి వంట, కన్నీళ్ళు కాకుండా ఒక పని ఉండడం అరుదు. మొదటి వంద ఎపిసోడ్లు నిజంగా బాగున్నాయి.

రోజుల సంగతి కూడా చెప్పాలి. తక్కువ చూసి కథ పట్టుకోవాలంటే సోమవారం, శనివారం ఎపిసోడ్లు చూడండి. శనివారం పెద్ద మెలికతో ఆపుతారు, మధ్యలో ఆదివారం ఉంది కాబట్టి మనుషులు మర్చిపోకుండా. సోమవారం ఆ మెలిక సగం విప్పుతారు. మంగళ, బుధ, గురువారాల్లో అదే సంగతిని ఇంట్లో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతారు. ప్రోమోలో చెంపదెబ్బ కనిపిస్తే నమ్మకండి, అది ఎవరో ఒకరి ఊహ అయ్యుంటుంది.

మరొకటి, రీమేక్ సీరియల్‌కి యూట్యూబులో తమిళ కథ ముందే చెప్పేసే వీడియోలు బోలెడు. అమ్మగారి ఫోనులో అవి ఒకసారి తెరిస్తే ఇక వరసగా అవే వస్తాయి. ఆ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి 'ఆసక్తి లేదు' అని పెట్టండి.

తోటపల్లి కాలువ (పార్వతీపురం):

సౌండు ప్రశ్నకి జవాబు: లోపం కొంత సీరియల్‌ది, కొంత టీవీది, కొంత వయసుది. మూడూ కలిసి వస్తాయి.

సీరియల్లో నేపథ్య సంగీతం ఆగదు. మాట కిందే వీణో, తబలానో, కోరస్సో నడుస్తుంటుంది. టీవీలు సన్నబడిపోయాక స్పీకర్లు కిందికో, వెనక్కో తిప్పి పెడుతున్నారు. గోడకి ఆనించి బిగిస్తే మాట గోడకి కొట్టుకుని వస్తుంది. ఇక వయసు పెరిగేకొద్దీ ముందు తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, త, క, ప లాంటి హల్లులు తెలిసేది ఆ సన్నని శబ్దాల్లోనే. వాల్యూమ్ పెంచితే అచ్చులూ డోలూ పెరుగుతాయి, హల్లులు అలాగే ఉండిపోతాయి. అందుకే 'అరుస్తున్నారు గానీ ఏటంటన్నారో తెలీదు' అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

చేయాల్సింది ఇది. టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్ మోడ్‌కి వెళ్ళండి. సినిమా, మ్యూజిక్, స్టేడియం లాంటివి వద్దు. క్లియర్ వాయిస్ అనో, స్పీచ్ అనో, న్యూస్ అనో ఉన్నది పెట్టండి. సరౌండ్, వర్చువల్ అని ఏది ఉన్నా ఆపేయండి, మాటని పలచన చేసేది అదే. ఈక్వలైజర్ ఉంటే బాస్ మూడు నాలుగు మెట్లు తగ్గించి ట్రెబుల్ మూడు మెట్లు పెంచండి. ఆటో వాల్యూమ్ ఆన్ చేస్తే ప్రకటన రాగానే ఉలిక్కిపడడం తగ్గుతుంది.

తరవాత సెట్‌టాప్ బాక్సు సెట్టింగ్స్ చూడండి. ఆడియో దగ్గర డాల్బీ, స్టీరియో (కొన్నిటిలో పీసీఎం) అని రెండు ఉంటాయి. హెచ్‌డీ చానళ్ళు కొన్ని డాల్బీలో వస్తాయి, మామూలు టీవీ స్పీకరులో వాటి మాట తగ్గి వినబడుతుంది. స్టీరియోకి మార్చి చూడండి. హెచ్‌డీ చానల్‌కి వెళ్ళినప్పుడల్లా సౌండు పడిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇవన్నీ చేశాక కూడా మాట తేలకపోతే చిన్న సౌండ్‌బార్ చాలు. వూఫర్ ఉన్నది కొనొద్దు, పెద్దవాళ్ళకి వూఫర్ మేలు కంటే కీడే ఎక్కువ. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రంలోనే తీగ పెట్టాలి, పక్కదానిలో పెడితే సౌండు రాదు.

సౌండుతో పాటు బొమ్మ కూడా ఒకసారి చూసుకోండి. పాత బాక్సుని ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో పెద్ద టీవీకి తగిలిస్తే మనుషులు అడ్డంగా సాగి కనిపిస్తారు. సీరియల్ మరీ నున్నగా, వీడియో తీసినట్టు కనిపిస్తోందంటే మోషన్ సెట్టింగు ఆన్‌లో ఉంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అంటారు. ఆపేయండి. క్రికెట్‌కి మాత్రం ఉంచుకోవచ్చు.

వంశధార (నరసన్నపేట):

యాస గురించి అడిగినందుకు సంతోషం. ఈ విషయం మీద మనవాళ్ళు గట్టిగా మాట్లాడాలి.

టీవీ రచయితలు చేసే మొదటి పొరపాటు, 'ఏమిటి' ఉన్నచోట 'ఏటి' పెట్టేస్తే సిక్కోలు యాస అయిపోయిందనుకోవడం. 'ఏటి నువ్వు ఇంకా రాలేదేంటి, నేను వచ్చేశాను కదా' అని రాస్తారు. మొదటి మాట సిక్కోలుది, మిగతాదంతా విజయవాడది. యాస ఉండేది నామవాచకంలో కాదు, క్రియలో. మన క్రియలు ఒకసారి చూడండి. 'చేసేశాడు' కాదు, 'సేసీసినాడు'. 'వెళ్ళిపోయాను' కాదు, 'ఎల్లిపోనాను'. 'వచ్చేవాడు' కాదు, 'వొచ్చీవోడు'. చాలా క్రియల మధ్యలో వచ్చే ఆ 'ఈ' దీర్ఘమే మన గుర్తు. అది లేకుండా ఎన్ని 'ఏటి'లు వేసినా మన మాట అవదు.

రెండోది, గోదావరి జిల్లాల 'ఆయ్', 'అండి'ని తెచ్చి మన మనిషి నోట్లో పెట్టడం. ఇది మహా అన్యాయం. రాజమండ్రికీ, టెక్కలికీ మధ్య ఎంత దూరమో బస్సెక్కితే తెలుస్తుంది. మన పలకరింపు వేరు. మగపిల్లాణ్ణయితే 'బావూ' అంటారు, అక్కని 'అప్ప' అంటారు, ఆశ్చర్యమొస్తే 'ఓలమ్మో', 'ఓర్నాయినో' అంటారు. పిల్లలు 'గుంటలు'. 'అలా, ఇలా, ఎలా' మన దగ్గర 'అలగ, ఇలగ, ఎలగ'. పల్లెల్లో 'చ' చాలాచోట్ల 'స' అవుతుంది, సెప్పు, సూడు, సేను. అన్ని చోట్లా అవదు. 'మంచి' ఎప్పుడూ 'మంచే', దాన్ని 'మంసి' అని పలికించారంటే డబ్బింగు దగ్గర వినేవాళ్ళెవరూ లేరని అర్థం.

మూడోది రాగం. రాతలో చూపించలేం గానీ చెవికి తెలుస్తుంది. మన వాక్యం చివర కొంచెం సాగి పైకి లేస్తుంది. టీవీలో ఈ సాగదీతని ప్రతి మాటకీ అంటిస్తారు, అప్పుడు మనిషి తెలివితక్కువవాడిలా వినిపిస్తాడు. సాగేది వాక్యం చివర, అదీ అడిగేటప్పుడో, బతిమాలేటప్పుడో, వెక్కిరించేటప్పుడో. కోపంలో మన మాట తుంచి విసిరినట్టు పొట్టిగా ఉంటుంది. కోపం సీనులో కూడా సాగదీశారంటే ఆ నటుడికి యాస తెలీదు.

ఎందుకిలా జరుగుతోందంటే, సీరియల్ తయారయ్యే తీరు. చాలామంది కథానాయికలు కన్నడం, మలయాళం మాతృభాష అయినవాళ్ళు. సెట్లో ప్రాంప్టింగ్ అందుకుని పెదవులు కదుపుతారు, గొంతు తరవాత డబ్బింగులో ఇంకొకరు ఇస్తారు. ఆ గొంతిచ్చేవాళ్ళు ముందే కదిలిపోయిన పెదవికి మాట సరిపెట్టాలి. 'వచ్చాడు' అని కదిలిన పెదవిలోకి 'వొచ్చీసినాడు' పట్టదు, అక్షరాలు ఎక్కువ. కాబట్టి పట్టే చిన్న మాటలు మాత్రం మార్చి, 'ఏటి', 'ఓలమ్మ' అలా, పని కానిచ్చేస్తారు. రోజుకో ఎపిసోడ్ పంపాలి కాబట్టి మళ్ళీ చెప్పించే తీరిక ఉండదు. యాస స్క్రిప్టులోనే ఉండి, ఆ ప్రాంతం మనిషే సొంత గొంతుతో చెప్తే ఈ ఇబ్బంది రాదు. మన జిల్లా హాస్యనటుడు షకలక శంకర్ జబర్దస్త్‌లో పేరు తెచ్చుకున్నది అలగే. యాస ఆయన నోట్లో పుట్టింది, ఎవరో అతికించింది కాదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. యాస ఎవరికిస్తారు? పనిమనిషికి, వాచ్‌మన్‌కి, నవ్వించేవాడికి. డాక్టరుకీ, కలెక్టరుకీ, హీరోకీ ఇవ్వరు. అదే హీరో పుట్టిన ఊరు కథలో శ్రీకాకుళం అని చెప్పినా అతను మాట్లాడేది పుస్తకం భాషే. జిల్లా అంతా నవ్వించడానికే పుట్టినట్టు చూపించడం తప్పు. కామెడీ షోల్లో మన యాసతో స్కిట్ వచ్చినప్పుడు ఒకటి గమనించండి: నవ్వు మాటలో ఉన్న చమత్కారానికి వస్తోందా, ఆ పలికే తీరుకే వస్తోందా? మొదటిదైతే మంచి స్కిట్. రెండోదైతే రాసినవాడి దగ్గర సరుకు లేదు.

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

ధన్యవాదాలండీ అందరికీ. క్రియల సంగతి చదివాక ఒక్కసారిగా తేటగా అర్థమైంది. తోటపల్లి గారూ, బాక్సులో స్టీరియోకి మార్చి బాస్ తగ్గించాక అమ్మకి మాట తెలుస్తోంది. పాప సంగతి ఇంకా ఉంది. పాటల పోటీల్లో, బిగ్ బాస్‌లో మీరేమంటారు? ఫోనులో చూస్తే రోజుకి డేటా ఎంత అవుతుంది?

మూడు లాంతర్లు (విజయనగరం):

పాటల పోటీలు పాపతో కూర్చుని చూడండి, చూసే పద్ధతి తెలిస్తే అది అరగంట సంగీతం క్లాసే. ఘంటసాల చదివిన సంగీత కళాశాల మన ఊళ్ళో ఉంది, 1919 నుంచి. సుశీల గారిది ఈ ఊరే. ఈ ఊరి చెవికి మార్కుల బోర్డు చూసి పాట బాగుందో లేదో తెలుసుకునే అవసరం ఉండకూడదు.

ఈటీవీ పాడుతా తీయగా 1996 నుంచి వస్తోంది. గాయకుడు ఎస్పీ బాలు గారు పోయాక 2021 చివర్లో ఆయన కొడుకు చరణ్ మళ్ళీ మొదలుపెట్టారు. బాలు గారు ఉన్నప్పుడు దిద్దుబాటు వివరంగా ఉండేది, ఏ అక్షరం దగ్గర ఊపిరి తీశావు, ఏ మాట విరిగిందని. ఇప్పుడు మెచ్చుకోలు పెరిగింది, దిద్దుబాటు తగ్గింది. అయినా తెలుగు ఉచ్చారణ మీద శ్రద్ధ అక్కడే ఇంకా ఉంది. ఆహాలో వచ్చిన తెలుగు ఇండియన్ ఐడల్‌లో గొంతులు గట్టివి, వాద్యబృందం చాలా బాగుంటుంది. కానీ పాట చుట్టూ ఇంటి కష్టాలు, కన్నీళ్ళు, అతిథుల హడావిడి ఎక్కువ. పాటలు మాత్రమే విడిగా యూట్యూబులో పెడతారు, అవి చాలు.

పాపకి వినడం ఇలా నేర్పండి. మొదట ఎత్తుగడ: పల్లవి తాళంలో సరైన చోట అందుకుందా? రెండోది, చరణానికి ముందు వాద్యాలు వాయించి ఆపుతారు చూడండి, ఆ తరవాత పాడే మొదటి స్వరం. అక్కడ వాద్యం ఆసరా ఉండదు, శ్రుతి జారేది అక్కడే. మూడోది ఊపిరి. మాట మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరుగుతుంది. నాలుగోది ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు, ఒత్తక్షరాలు. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని సొంతంగా మార్కులు వేయమనండి. న్యాయనిర్ణేతల మార్కులతో పోల్చి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో తనకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మగవాళ్ళ పాట ఆడపిల్లలు పాడితే శ్రుతి మారుస్తారు. హార్మోనియం మెట్ల లెక్కలో మగ గొంతుకి సాధారణంగా ఒకటి, రెండు శ్రుతి దగ్గర, ఆడ గొంతుకి అయిదు, ఆరు దగ్గర సుఖం. మార్చిన శ్రుతిలో కింది స్వరాలు గొంతులోనే ఉండిపోతాయి. అది పాడేవాళ్ళ లోపం కాదు, పాట ఎంపికలో లోపం. ఇంకా, టీవీలో వినేది మిక్సింగ్ చేసిన గొంతు, చిన్న చిన్న జారుళ్ళు అక్కడ సర్దుకుంటాయి. కాబట్టి టీవీలో కూడా శ్రుతి తేడా వినబడిందంటే అది పెద్ద తేడానే.

కంచుకోట (బొబ్బిలి):

బిగ్ బాస్ పిల్లలకి వద్దనేవాళ్ళే ఎక్కువ. అది పూర్తిగా సరైంది కాదు, ఎలా చూస్తున్నారన్నది ముఖ్యం.

2017 జులై 16న ఎన్టీఆర్ హోస్టుగా మొదలైంది, రెండోది నాని, మూడో సీజన్ నుంచి నాగార్జున. ఆరో సీజన్ గెలిచిన గాయకుడు రేవంత్ శ్రీకాకుళంలో పుట్టినవాడే, అందుకని మన దగ్గర ఆ సీజన్ ఇంటింటా నడిచింది. 2025 సెప్టెంబరు 7న మొదలైన తొమ్మిదో సీజన్‌కి ముందు అగ్నిపరీక్ష అనే ఎంపిక పోటీ పెట్టి మామూలు జనంలోంచి కొందరిని ఎంచి, సెలబ్రిటీలతో పాటు లోపలికి పంపారు. ఇది మంచి మార్పు. సెలబ్రిటీలకి కెమెరా ఎక్కడుందో తెలుసు, ఏ మాట ప్రోమోలో పడుతుందో తెలుసు. మామూలు మనుషులు మొదటి రెండు మూడు వారాలు అది మర్చిపోయి బతుకుతారు. షోలో చూడదగ్గ భాగం ఆ వారాలే.

పాపకి ముందుగా చెప్పాల్సింది: 24 గంటల్లో మనకి చూపించేది గంట. అందులో ఒక మనిషి నవ్విన ముఖం ఇంకో మనిషి మాట పక్కన అతికితే అర్థమే మారిపోతుంది. ఎడిటింగ్ పట్టుకోవడానికి తేలిక గుర్తులున్నాయి. ఒకే మాటల సందర్భంలో బట్టలు మారినా, జుట్టు తడి ఆరినా, కిటికీ బయట వెలుగు మారినా అది రెండు వేరు సమయాల ముక్కలు కలిపినది. మాట్లాడేవాళ్ళ ముఖం కాకుండా వినేవాళ్ళ ముఖం చూపిస్తూ మాట వినిపించారంటే ఆ మాట మధ్యలో ఏదో కోసేశారని అనుమానించొచ్చు. ఇలా వెతుకుతూ చూస్తే పిల్లలు గొడవలో కొట్టుకుపోరు.

వారమంతా చూడక్కర్లేదు. సోమవారం నామినేషన్లు, వారం మధ్యలో కెప్టెన్సీ టాస్కు, శనివారం నాగార్జున ఎపిసోడు. ఈ మూడూ చాలు. నామినేషన్‌లో ఎవరు ఎవరిని ఏ కారణం చెప్పి వేశారో రాసుకుంటే శనివారం ఎవరికి క్లాసు పడుతుందో ముందే చెప్పేయొచ్చు. ఎలిమినేషన్ ఎపిసోడు ప్రసారానికి ముందే షూట్ చేస్తారు కాబట్టి ఆదివారం పొద్దున్న సోషల్ మీడియా తెరిస్తే పేరు తెలిసిపోతుంది. ఆట మీద ఇష్టం ఉంటే ఆ పూట ఫోను పక్కన పెట్టడమే.

టాస్కుల విషయంలో నా మాట: బలం చూపించే టాస్కులు ఎక్కువైపోయాయి, బుర్ర పెట్టే టాస్కులు తగ్గాయి. తోపులాట అయితే గొడవ వస్తుంది, గొడవ వస్తే ప్రోమో వస్తుంది. సంచాలకుడు (టాస్కుకి అంపైరు లాంటివాడు) తప్పుగా తీర్పు చెప్పినా అప్పటికప్పుడు దిద్దరు, శనివారం దాకా మోస్తారు. ఆట మీద గౌరవం పోయేది ఇక్కడే.

డేటా గురించి: 480 నాణ్యతలో గంటకి సుమారు అర జీబీ నుంచి ముప్పావు, ఫుల్ హెచ్‌డీలో ఒకటిన్నర జీబీ పైనే. యాప్ 'ఆటో'లో ఉంటే సిగ్నల్ బాగున్నచోట తనంతట తానే పైకి వెళ్ళిపోయి, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఒక్క ఎపిసోడ్‌కే అయిపోవచ్చు. ఫోను తెరకి 480 సరిపోతుంది, సెట్టింగ్స్‌లో దాన్నే ఖాయం చేయండి. ఇంట్లో వైఫై ఉంటే ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం ఇంకా మేలు.

చానళ్ళ ఖర్చు కూడా ఒకసారి చూసుకోండి. బొకేలో (చానళ్ళన్నీ కలిపి అమ్మే కట్టలో) కలిపే చానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదని నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. పన్ను 18 శాతం కలిపితే 22 రూపాయల 42 పైసలు. మీ ఇంట్లో చూసేవి స్టార్ మా, ఈటీవీ, ఇంకో రెండు అనుకుంటే విడివిడిగా తీసుకుంటే ఎంతవుతుందో, ఇప్పుడు కడుతున్న ప్యాక్ ఎంతో పక్కపక్కన రాసి చూడండి. ఒకే చానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ మీరు తీసుకున్నవాటిలో ఉంటే రెంటికీ డబ్బు పోతుంది, ఒకటి తీసేయించండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

కంచుకోట గారూ, మీ ఎడిటింగ్ గుర్తులు బాగున్నాయి, ఒప్పుకుంటాను. కానీ శనివారం ఎపిసోడు పిల్లలకి మంచిదని నేననుకోను. వారమంతా జరిగినదానికి అసలు అర్థం ఇదీ అని పెద్దాయన ఒకరు చెప్పేశాక, ఇక వాళ్ళు సొంతంగా ఆలోచించరు. సోమవారం, టాస్కు రోజు చూడనిచ్చి, శనివారానికి ముందు ఎవరిది తప్పో పాపనే చెప్పమనండి. ఆ తరవాత చూడనివ్వండి.

మూడు లాంతర్లు (విజయనగరం):

యాస గురించి చిన్న సవరణ. వంశధార గారు రాసిన 'సేసీసినాడు', 'వొచ్చీసినాడు' శ్రీకాకుళం పల్లెల మాట. విజయనగరం టౌన్లోనూ, చుట్టుపక్కలా 'వచ్చేడు', 'చూసేడు', 'చెప్పీసేడు' అంటారు, 'నాడు' రాదు, 'చ' కూడా 'స' అవదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వెళ్తే ఒడియా మాటలు కలుస్తాయి. టీవీవాళ్ళు ఉత్తరాంధ్ర యాస అని ఒక్కటే రాసుకుంటారు గానీ పాత్ర ఊరు ఏదో ముందు తేల్చుకోవాలి.

వంశధార (నరసన్నపేట):

నిజమే, ఒప్పుకుంటన్నాను. నేను నరసన్నపేట, టెక్కలి చుట్టుపక్కల మాట రాశాను. పాత్ర విజయనగరం గుమాస్తా అయితే 'చెప్పీసేడు', మా వైపు రైతయితే 'సెప్పీసినాడు'. ఈ రెండూ ఒకే ఇంట్లో అన్నదమ్ముల నోట వినిపించారంటే మాత్రం తప్పు.